ఇన్‌స్ట్రుమెంటల్ ట్రాకుల లైసెన్సింగ్: 42 ట్రాకులు, మూడు ఆఫర్లు, ఏది ఎవరికి?

తంబురాతీగ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉంటాను. సినిమాల జోలికి పోకుండా టీవీ, ప్రకటనలు, డాక్యుమెంటరీల వాళ్ళకి లైసెన్స్ ఇచ్చే ఉద్దేశంతో చేసిన ట్రాకులు 42 ఉన్నాయి. ఒక్కటీ ఇంకా ఎక్కడా రిలీజ్ కాలేదు. లెక్క ఇదీ:

18 ట్రాకులు పియానో, ప్యాడ్స్, సింథ్. మొత్తం కంప్యూటర్‌లో నేనొక్కడినే చేసినవి.
11 ట్రాకుల్లో వీణ, వేణువు, వయొలిన్ బయటి కళాకారులు వాయించారు. సెషన్‌కి డబ్బు ఇచ్చేశాను, కాగితం మాత్రం రాసుకోలేదు.
7 ట్రాకులు డప్పు, డోలు మీద నడిచేవి. కొన్ని లూపులు (ముందే రికార్డు చేసి అందరికీ ఇచ్చే తాళం ముక్కలు) చందా సైటు నుంచి తీసుకున్నవి.
6 ట్రాకులు కీర్తనలకి చేసిన వాద్య రూపాలు: త్యాగరాజ కృతులు రెండు, అన్నమయ్య కీర్తనలు నాలుగు.

ఆఫర్లు మూడు. మొదటిది అమెరికా టీవీలకి సంగీతం ఇచ్చే లైబ్రరీ: ఎక్స్‌క్లూజివ్ (ఇంకెవరికీ ఇవ్వకూడదు), శాశ్వతం, అడ్వాన్స్ లేదు, సింక్ ఫీజులో (దృశ్యం మీద వాడుకున్నందుకు ఇచ్చే రుసుములో) సగం నాది, ప్రసార రాయల్టీలో రైటర్స్ షేర్ (కంపోజర్ వాటా) నాది, పబ్లిషర్స్ షేర్ (హక్కులు చూసే కంపెనీ వాటా) వాళ్ళది. రెండోది చందా పద్ధతిలో యూట్యూబర్లకి ఇచ్చే కంపెనీ: ట్రాకుకి ఒకేసారి ఇంత అని ఇచ్చి హక్కులన్నీ తీసుకుంటారు, రాయల్టీ సొసైటీలతో సంబంధం ఉండకూడదంటున్నారు. మూడోది నాన్-ఎక్స్‌క్లూజివ్ మార్కెట్‌ప్లేస్: ధర నేనే పెట్టుకోవచ్చు, అమ్మకం మీద కమీషన్ కోస్తారు.

ఐపీఆర్‌ఎస్‌లో (కంపోజర్ల రాయల్టీ వసూలు చేసే సొసైటీ) ఇంకా చేరలేదు. ముందు అందులో చేరాలా, ముందు సంతకం పెట్టాలా? మూడు చోట్లకీ పంచొచ్చా? ఒప్పందంలో ఏ వాక్యాల దగ్గర ఆగి చదవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

చిన్నక్షరాలు

కంపెనీల సంగతి తర్వాత, ముందు ట్రాకుల్నే వడపోయండి. మీ 42లో ఈ రోజు ధైర్యంగా సంతకం పెట్టి ఇవ్వగలిగినవి ఆ 18 మాత్రమే. ఏ కంపెనీ ఒప్పందంలోనైనా ఒక పూచీ క్లాజు ఉంటుంది: ఇందులోని ప్రతి హక్కూ నాదే, రేపెవరైనా దావా వేస్తే ఖర్చు నేనే భరిస్తాను అని. మిగతా 24 ట్రాకుల మీద ఆ మాట మీరు రాసివ్వలేరు.

వీణ, వేణువు ఉన్న 11 ట్రాకులు. కాపీరైట్ చట్టం సెక్షన్ 38 ప్రకారం వాయించిన మనిషికి ప్రదర్శకుడిగా సొంత హక్కు ఉంది, 50 ఏళ్ళు ఉంటుంది. డబ్బు ఇచ్చినంత మాత్రాన అది మీకు రాదు. ఒక్కొక్కరి దగ్గరా ఒక పేజీ కాగితం తీసుకోండి. పాన్ కార్డులో ఉన్నట్టు పేరు, ట్రాకు పేరు, రికార్డింగ్ తేదీ, ముట్టిన మొత్తం రాయండి. ఆ వాద్యాన్ని ఈ రికార్డింగులో ఉంచి సినిమా, టీవీ, ప్రకటన, ఆన్‌లైన్ వాడకాలకి లైసెన్స్ ఇవ్వడానికి, స్టెమ్‌గా (మిక్స్‌లోంచి వేరు చేసిన ఫైలుగా) విడిగా ఇవ్వడానికి కూడా అంగీకారం అని స్పష్టంగా ఉండాలి. ఇంకో వాక్యం చాలామంది మరిచిపోతారు: బాణీ ఎవరిది? మీరు స్వరం ఇచ్చి వాయించమంటే బాణీ మీది. "హంసధ్వనిలో ఏదైనా వాయించండి" అని మైకు ముందు కూర్చోబెడితే, ఆ ఆలాపనకి కర్త ఆయనే అని రేపు వాదించొచ్చు. అలాంటి ట్రాకులుంటే ఇప్పుడే వాటా రాసేయడం మేలు. ఈ సంతకాలు ఇప్పుడే అడగండి. ట్రాకు అమెరికా టీవీలో వచ్చిందని తెలిశాక అదే సంతకం ధర వేరుగా ఉంటుంది.

లూపులున్న 7 ట్రాకులు. చందా సైటు లైసెన్స్ మీ సంగీతంలో కలిపి వాడుకోమంటుంది కానీ లూపుని విడిగా ఎవరికీ ఇవ్వనివ్వదు. టీవీ లైబ్రరీ స్టెమ్స్ అడుగుతుంది. మీ డ్రమ్స్ స్టెమ్‌లో ఆ లూపు ఒక్కటే ఉంటే దాన్ని విడిగా ఇచ్చినట్టే. పైగా అదే లూపు ప్రపంచంలో ఇంకెన్ని వేల ట్రాకుల్లో ఉందో. మామూలు శాంపిల్ లైబ్రరీల ఒప్పందాలు కూడా ఒకసారి తెరవండి, ప్రొడక్షన్ మ్యూజిక్‌కి (ఇలా లైసెన్స్ కోసం చేసే సంగీతానికి) వాడకూడదని కొన్నింటిలో ఉంటుంది. హైదరాబాద్‌లో ఉండి డప్పుకి లూపు ఎందుకండీ? నిజం డప్పు ఒక పూట రికార్డు చేస్తే ఏడు ట్రాకులూ శుభ్రపడతాయి, బయట ఇంకెవరి దగ్గరా లేని శబ్దం కూడా వస్తుంది.

కీర్తనల దగ్గర అసలు గొయ్యి ఉంది. త్యాగరాజు 1847లో పోయారు, కృతీ బాణీ రెండూ అందరివీ, మీ వాద్య రూపం మీది. అన్నమయ్య అలా కాదు. సాహిత్యం 15వ శతాబ్దిదే, కానీ తిరుమల రాగిరేకుల మీద దొరికింది సాహిత్యం, రాగం పేరు మాత్రమే, స్వరాలు కాదు. మనం ఈ రోజు పాడుకునే వరసలు చాలామటుకు 20వ శతాబ్దిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్ళు కట్టినవి. మన దేశంలో సంగీత రచన మీద హక్కు కర్త పోయిన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. రాళ్ళపల్లి వారు 1979లో పోయారు, అంటే ఆయన బాణీలు 2039 చివరి దాకా హక్కులో ఉన్నట్టే. నేదునూరి వారు 2014. వాద్య రూపంలో సాహిత్యం ఉండదు, ఉన్నదంతా బాణీయే. కాబట్టి ఆ నాలుగు ట్రాకులూ "పబ్లిక్ డొమైన్" అని నింపి పంపొద్దు. ఆ రాగాల్లోనే సొంత బాణీ కట్టి, పేరు మార్చి కొత్తగా చేయండి. జానపదం విషయంలోనూ అంతే: ఊరి పాట అనుకున్నదానికి బతికున్న రచయిత ఉండటం తెలంగాణలో కొత్తేం కాదు.

ఇక ఒప్పందంలో ఆగి చదవాల్సినవి.

కాలం. మన చట్టం సెక్షన్ 19 ప్రకారం కాలం రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కానీ ఏ లైబ్రరీ లాయరూ ఆ ఖాళీ వదలడు. "శాశ్వతం" అని ఉంటే "మూడేళ్ళు, ఆ తర్వాత 90 రోజుల నోటీసుతో ఎవరైనా ముగించొచ్చు" అని మార్చమని అడగండి. ఒప్పుకోకపోతే కనీసం వాపసు క్లాజు అడగండి: 36 నెలల్లో ఒక్క ప్లేస్‌మెంటూ (కార్యక్రమంలో వాడకం) రాని ట్రాకు నాకు తిరిగి వస్తుంది అని. ముగిసేలోపు ఇచ్చిన లైసెన్సులు మాత్రం కొనసాగుతాయి, అది న్యాయమే. సినిమాలోకి వెళ్ళిన ట్రాకుని ఎవరూ వెనక్కి లాగలేరు.

సింక్‌లో సగం అన్న మాట. ఇది వినడానికి బాగుంటుంది. టీవీ ఛానెళ్ళతో లైబ్రరీలు చాలావరకు ఏడాదికింత అని బ్లాంకెట్ లైసెన్స్ చేసుకుంటాయి. అప్పుడు మీ ట్రాకు వాడినందుకు విడిగా సింక్ ఫీజు అంటూ ఉండదు. సగం దేనిలో సగం? "బ్లాంకెట్ ఫీజులో కంపోజర్లకి వాటా ఉందా, ఉంటే ఏ లెక్కన?" అని మెయిల్‌లో అడగండి. లేదంటే మీకొచ్చేది ప్రసార రాయల్టీ ఒక్కటే అనుకుని లెక్కేసుకోండి. అది ప్రసారమయ్యాక ఆరు నుంచి తొమ్మిది నెలలకి కదులుతుంది, దేశం దాటి రావాలంటే ఏడాది పైనే.

"ఇప్పుడున్నవీ ఇకపై కనిపెట్టబోయేవీ అన్ని మాధ్యమాలు" అన్న వాక్యం. 2012 సవరణ తర్వాత సెక్షన్ 18 ప్రకారం, ఒప్పందం నాటికి లేని మాధ్యమాన్ని ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప ఆ హక్కు బదిలీ కాదు. అయితే ఒప్పందం న్యూయార్క్ చట్టం కింద ఉంటే మన సెక్షన్ చూపించి గెలుస్తామని లెక్కలు వేసుకోవద్దు. అందుకే కృత్రిమ మేధకి శిక్షణ ఇవ్వడానికి ట్రాకు వాడటం గురించి ఇప్పుడే ఒక వాక్యం రాయించుకోండి: విడిగా రాతపూర్వక అనుమతి లేనిదే కుదరదు అని. మామూలు కంపెనీ దీనికి పెద్దగా గొడవ చేయదు. గొడవ చేసిందంటే దాని ఉద్దేశం తెలిసిపోయినట్టే.

ఆడిట్ హక్కు, ఎన్ని నెలలకొకసారి లెక్క పంపుతారు, ఎంత మొత్తం చేరితేగానీ చెల్లించరు, కంపెనీ అమ్ముడుపోతే మీ ట్రాకులు ఎవరికి పోతాయి. ఈ నాలుగూ చివరి పేజీల్లో ఉంటాయి. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఈ రంగంలో చేతులు మారడం మామూలే: ప్రీమియంబీట్ 2015లో, పాండ్5 2022లో షటర్‌స్టాక్ చేతికి పోయాయి.

రాయల్టీ_లెక్క

పైనున్నదంతా ఒప్పుకుంటాను. ఐపీఆర్‌ఎస్ ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు, మీ విషయంలో అదే మొదటి అడుగు.

మూడు సంస్థలు కలగాపులగం కాకుండా: ఐపీఆర్‌ఎస్ రచన కోసం, అంటే బాణీ, సాహిత్యం, వాటి పబ్లిషర్లు. 1969లో మొదలైంది, 2017 నవంబరులో చట్టప్రకారం మళ్ళీ కాపీరైట్ సొసైటీగా నమోదైంది. పీపీఎల్ రికార్డింగ్ యజమానులది, ముఖ్యంగా లేబుళ్ళది. ఇసామ్రా గాయకులు, వాద్యకారులది. మీ వీణ ఆవిడకి ఆఖరిది పనికొస్తుంది, మీకు మొదటిది.

ఐపీఆర్‌ఎస్‌లో చేరేటప్పుడు మీరు నింపేది సభ్యత్వ ఫారమే కాదు, హక్కుల బదిలీ పత్రం కూడా. అది ఒక్కో ట్రాకుకి విడిగా కాదు, ఇకముందు చేయబోయేవాటికీ వర్తిస్తుంది. ఇక్కడే సెక్షన్ 19(8) వస్తుంది: సొసైటీకి అప్పటికే రాసిచ్చిన హక్కులకి విరుద్ధంగా సభ్యుడు ఇంకెవరికైనా రాసిస్తే ఆ రాత చెల్లదు. అంటే ఐపీఆర్‌ఎస్‌లో చేరాక రెండో కంపెనీకి "ప్రదర్శన హక్కులతో సహా అన్నీ మీవే" అని సంతకం పెడితే మీరు ఇవ్వలేనిదాన్ని ఇచ్చినట్టు. చెల్లని రాతకి డబ్బు తీసుకున్న పూచీ మాత్రం మీ మెడకే.

కాబట్టి వరస ఇలా ఉండాలి. రెండో కంపెనీని రాతపూర్వకంగా ఒక్క ప్రశ్న అడగండి: కంపోజర్ ఏ సొసైటీలోనూ సభ్యుడు కాకూడదా, లేక ఈ ట్రాకులు ఏ సొసైటీలోనూ నమోదు కాకూడదా? రెండూ ఒకటి కావు. మొదటిదైతే ఆ ఆఫర్ వదిలేయండి, కొన్ని ట్రాకుల డబ్బు కోసం జీవితకాలపు రాయల్టీ మూసుకోవడం అవుతుంది. రెండోదైతే వాళ్ళకి ఇవ్వదలచిన ట్రాకులకి ముందు వాళ్ళతో సంతకం అయిపోవాలి, ఆ తర్వాత ఐపీఆర్‌ఎస్‌లో చేరుతూ వీటిని ముందే ఇచ్చేశానని జాబితా చూపించాలి. ఈ వరస తిరగబడితే సరిచేయడం కష్టం.

మొదటి కంపెనీకి తిరగేసి: ముందు సొసైటీ, తర్వాత సంతకం. సభ్యత్వం వచ్చాకే మీకు ఐపీఐ నంబరు (ఏ దేశపు సొసైటీ అయినా కంపోజర్‌ని గుర్తించే సంఖ్య) వస్తుంది. అది లేకుండా లైబ్రరీ మీ ట్రాకుని నమోదు చేస్తే రైటర్స్ షేర్ ఎవరి ఖాతాకీ చేరక గుర్తుతెలియని సొమ్ము కింద మూలుగుతుంది. ప్రాంతాల వారీగా పంచుకోవడమూ కుదురుతుంది: భారత్‌కి ఐపీఆర్‌ఎస్, మిగతా ప్రపంచానికి అమెరికా సొసైటీలైన ఆస్క్యాప్ లేదా బీఎంఐ. మీ వాడకం ఎక్కువగా అమెరికా టీవీలో అయితే ఇది ఆలోచించదగ్గది, డబ్బు మధ్యలో ఇంకో సొసైటీ గుండా తిరిగి రాదు. అంతా ఒకచోటే కావాలంటే ఐపీఆర్‌ఎస్‌కే ప్రపంచం మొత్తం ఇవ్వండి, ఆలస్యంగానైనా వస్తుంది.

ఇంకొకటి మన తెలుగువాళ్ళ సొంత తలనొప్పి. ఇంటిపేరు ముందు, ఒంటి అక్షరాల్లో. పాన్‌లో పూర్తిగా విడదీసి ఉంటుంది, ట్రాకు మీద స్టేజి పేరు, లైబ్రరీ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ తారుమారు. మూడు చోట్ల మూడు పేర్లయితే సొసైటీ కంప్యూటర్‌కి మీరు ముగ్గురు. ఐపీఐలో ఏ స్పెల్లింగ్ ఉందో అదే, అక్షరం మారకుండా, నంబరుతో సహా ప్రతి చోటా ఇవ్వండి. స్టేజి పేరు ఉంటే దాన్నీ అక్కడే మారుపేరుగా నమోదు చేయించండి.

చట్టం గురించి ఒక మాట. సినిమాలో గానీ విడి రికార్డింగులో గానీ చేరిన సంగీత రచనకి, థియేటర్లో సినిమా ఆడించడం మినహా మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో సగం వాటాని కర్త వదులుకోలేడు, వదులుకున్నట్టు రాసినా చెల్లదు. 2012 సవరణ ఇచ్చిన బలం ఇది. మన దేశపు కంపెనీ ఎవరైనా "పూర్తి బైఅవుట్, రాయల్టీ సున్నా" అని, అంటే ఒకేసారి డబ్బిచ్చి అన్నీ కొనేస్తామని, పత్రం పెడితే ఈ మాట ఎత్తండి. విదేశీ చట్టం కింద చేసుకున్న ఒప్పందంలో దీని పట్టు ఎంత అన్నది కోర్టుకెళ్ళి తేల్చుకోవాల్సిన విషయం, దాన్ని నమ్ముకుని సంతకం పెట్టొద్దు.

తంబురాతీగ

ఇద్దరికీ ధన్యవాదాలు. అన్నమయ్య బాణీల సంగతి అసలు తట్టలేదు. ఆ నాలుగూ పక్కన పెట్టేస్తున్నా. రెండో కంపెనీ జవాబు వచ్చింది: సభ్యత్వం ఉన్నా ఫర్వాలేదు, ఇచ్చే ట్రాకులు మాత్రం నమోదు కాకూడదట. ఇంకో రెండు సందేహాలు. శుభ్రంగా ఉన్న 18ని మార్కెట్‌ప్లేస్‌లోనూ పెట్టి, వేరే పేరుతో ఇంకో నాన్-ఎక్స్‌క్లూజివ్ లైబ్రరీకీ ఇవ్వొచ్చా? స్టెమ్స్, కట్‌డౌన్లు (ట్రాకు పొట్టి రూపాలు) ఏ లెక్కన తయారు చేయాలి?

కటింగ్_టేబుల్

ఎడిటర్ల వైపు నుంచి చెప్తాను, ఫైళ్ళ సంగతి ముందు.

ప్రతి ట్రాకుకీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్. పూర్తి మిక్స్, డ్రమ్స్ లేని మిక్స్, మెలోడీ లేని మిక్స్ (మాటల కింద వేయడానికి ఇదే ఎక్కువ పనికొస్తుంది), 60, 30, 15 సెకన్ల కట్‌డౌన్లు, ఐదారు సెకన్ల స్టింగ్ (ఠక్కున ముగిసే ముక్క) ఒకటి. 30 సెకన్ల కట్ అంటే ఆఖరి దెబ్బ 28 దగ్గర పడి, రివర్బ్ తోక 30 లోపు ఆరిపోవాలి. ఆఖరి స్వరం 29.5 దగ్గర పడితే ప్రకటనలో తోక తెగిపోయి, ఎవరో పీక నొక్కినట్టు వినిపిస్తుంది. కట్‌డౌన్‌ని పూర్తి ట్రాకుకి ఫేడ్ వేసి చేయొద్దు. ఫేడ్ ఎడిటర్ వేసుకోగలడు, ముగింపు మాత్రం మీరే కట్టాలి. పూర్తి ట్రాకుకి కూడా అంతే, చివర్లో గట్టిగా ఆనే ముగింపు ఉండాలి.

నిర్మాణం: మొదటి నాలుగైదు సెకన్లలో ట్రాకు ఏ తరహాదో తెలిసిపోవాలి. ఆలాపనతో ముప్పై సెకన్లు నడిపితే ఎడిటర్ అప్పటికే తర్వాతి ట్రాకుకి వెళ్ళిపోయి ఉంటాడు. ఆ ఆలాపన అంత ఇష్టమైతే వేరే ఫైలుగా ఇవ్వండి. ఎనిమిది లేదా పదహారు బార్లకోసారి చిన్న విరామం, కత్తెర పెట్టుకోవడానికి.

స్టెమ్స్ ఐదారు చాలు: డ్రమ్స్, ఇతర తాళవాద్యాలు, బేస్, హార్మనీ, మెలోడీ, ఎఫెక్టులు. అన్నీ సున్నా నుంచి మొదలై ఒకే పొడవు ఉండాలి. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ: మాస్టర్ బస్ మీద లిమిటర్ ఉంచి ఒక్కో స్టెమ్ సోలో చేసి ఎక్స్‌పోర్ట్ చేస్తారు. అన్నీ కలిసి కొట్టినప్పుడు లిమిటర్ పనిచేసే తీరు వేరు, ఒంటరి వీణకి పనిచేసే తీరు వేరు. తిరిగి కలిపితే అసలు మిక్స్ రాదు. లిమిటర్ తీసేసి ఒక మిక్స్, అదే స్థితిలో స్టెమ్స్ తీయండి. తర్వాత కొత్త సెషన్‌లో స్టెమ్స్ అన్నీ పెట్టి, ఆ మిక్స్‌ని ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) పక్కన పెట్టండి. నిశ్శబ్దం వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఏదైనా మిగిలి వినిపిస్తే ఏదో రివర్బ్ సెండో సైడ్‌చెయినో తప్పిపోయింది.

శబ్దం మట్టం గురించి కంగారొద్దు. పీక్ మైనస్ 1 డీబీ ట్రూ పీక్ దాటకుండా, ఊపిరాడేట్టు ఉంచండి. టీవీ వాళ్ళు యూరప్‌లోనైతే మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (చెవికి వినిపించే గట్టిదనం కొలత) మొత్తం కార్యక్రమాన్నే దించుతారు, మీరు చితక్కొట్టి పంపిన ట్రాకు అక్కడ పల్చగా వినిపిస్తుంది తప్ప పెద్దగా కాదు.

మెటాడేటా: వేవ్ ఫైలులో ట్యాగులు అన్ని సాఫ్ట్‌వేర్లలో నిలవవు, అందుకని 320 కేబీపీఎస్ ఎంపీ3 ప్రతిని ట్యాగులతో ఇవ్వండి. టెంపో, శ్రుతి, మూడ్, వాద్యాలు, కంపోజర్ పూర్తి పేరు, ఐపీఐ, సొసైటీ, వాటా శాతం, మీ మెయిల్. వాద్యం పేరు "ఇండియన్ స్ట్రింగ్స్" అని రాయొద్దు, వీణ అనే రాయండి. వెతికేవాడు సితార్ కావాలంటే సితార్ అనే కొడతాడు, వీణ కావాలంటే వీణ అనే కొడతాడు, స్ట్రింగ్స్ అని ఎవరూ కొట్టరు. రికార్డింగ్‌కి ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్ గుర్తింపు సంఖ్య) కావాలంటే మన దేశంలో ఇచ్చేది లేబుళ్ళ సంఘం ఐఎంఐ.

ఇక వేరే పేరుతో ఇవ్వడం. దీన్ని రీటైటిలింగ్ అంటారు. నా మాట: వద్దు. ఒకే రికార్డింగ్ రెండు పేర్లతో రెండు పబ్లిషర్ల కింద ఉంటుంది. ఛానెల్ ఇచ్చే క్యూ షీట్‌లో (కార్యక్రమంలో వాడిన సంగీతం జాబితాలో) పేరుంటే సరే. కానీ ఇప్పుడు ట్యూన్‌శాట్, బీమ్యాట్ లాంటివి శబ్దం వేలిముద్రతో గుర్తిస్తాయి, వాటికి పేరు తెలీదు, శబ్దమే తెలుసు. రెండు లైబ్రరీలూ మాదంటే మాదని దావా వేస్తాయి, సొసైటీ చెల్లింపు ఆపేస్తుంది.

గోడమీదపిల్లి

కటింగ్_టేబుల్ గారూ, ఒక్క చోట విభేదిస్తాను. రీటైటిలింగ్ వద్దన్నది నిజమే. నాన్-ఎక్స్‌క్లూజివ్ మొత్తం వద్దని మాత్రం అనుకోకండి. పేరు మార్చకుండా, పబ్లిషర్స్ షేర్ అడగకుండా, అమ్మకం మీద కమీషన్ మాత్రమే తీసుకునే మార్కెట్‌ప్లేస్‌లు రెండు మూడింటిలో ఒకే ట్రాకు ఒకే పేరుతో ఉండొచ్చు, గొడవ లేదు. పెళ్ళి వీడియోలు, కార్పొరేట్ వీడియోలు తీసేవాళ్ళు కొనేది అక్కడే. ధర అన్ని చోట్లా ఒకటే పెట్టండి. ఒకచోట తక్కువకి దొరికితే కొనేవాడు అక్కడే కొంటాడు, మిగతా చోట్ల ట్రాకు చచ్చిపడి ఉంటుంది.

అసలు ప్రమాదం యూట్యూబ్ కంటెంట్ ఐడీతో (హక్కుదారుల శబ్దాన్ని వీడియోల్లో తనంతట తానే పట్టే వ్యవస్థ). ట్రాకు కొనుక్కున్నవాడి వీడియో మీద క్లెయిమ్ పడితే, వాడు మీ దగ్గర ఇంకెప్పుడూ కొనడు, డబ్బు వెనక్కి అడుగుతాడు. ఇది ఎలా జరుగుతుందంటే, అదే ట్రాకుని స్పాటిఫైలో వేయడానికి డిస్ట్రిబ్యూటర్‌కి ఇస్తారు, అక్కడ "సోషల్ మీడియా రాబడి" అనే గడికి ముందే టిక్కు ఉంటుంది, మీరు చూడరు. ఆ గడి తీసేయండి. లూపులున్న ట్రాకులకైతే అసలే పెట్టొద్దు: కంటెంట్ ఐడీలో పెట్టాలంటే రికార్డింగ్‌లోని శబ్దం పూర్తిగా మీదై ఉండాలన్నది యూట్యూబ్ నిబంధన, అందరికీ అమ్మే లూపు ఎవరి సొంతమూ కాదు.

మొదటి కంపెనీని పరీక్షించడానికి ఖర్చులేని పద్ధతి ఉంది. ఆస్క్యాప్, బీఎంఐల జాబితాలు సాంగ్‌వ్యూ పేరుతో ఉచితంగా వెతుక్కోవచ్చు. ఒప్పందంలో ఉన్న పబ్లిషర్ పేరు, లైబ్రరీ పేరు కాదు, కొట్టండి. ఎన్ని రచనలు నమోదయ్యాయి, కంపోజర్ల పేర్లు, వాటాలు నిండుగా ఉన్నాయా, పేరు మార్చిన డూప్లికేట్లు కనిపిస్తున్నాయా చూడండి. వెబ్‌సైట్ మీద పెద్ద ఛానెళ్ళ లోగోలు బారుగా పేర్చి, ఇక్కడ పాతిక రచనలే ఉంటే ఆ లోగోలు అలంకారమే. తర్వాత గత ఏడాది ప్లేస్‌మెంట్లలో ఐదింటికి క్యూ షీట్ చూపించమనండి. అందులో కార్యక్రమం పేరు, ప్రసార తేదీ, ట్రాకు పేరు, ఎన్ని సెకన్లు, నేపథ్యమా తెర మీదా, కంపోజర్, పబ్లిషర్, సొసైటీ ఉంటాయి. ఇతర కంపోజర్ల పేర్లు కొట్టేసి చూపించినా చాలు. అసలు క్యూ షీట్ అంటే ఏమిటో తడబడే లైబ్రరీకి శాశ్వత హక్కులు ఇవ్వడమేంటి?

పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి అదీ చెప్తా. అమెరికా కంపెనీ మీకు డబ్ల్యూ-8 బెన్ ఫారం పంపుతుంది. విదేశీ పన్ను గుర్తింపు సంఖ్య దగ్గర మీ పాన్ వేసి, భారత్-అమెరికా పన్ను ఒప్పందం ఆర్టికల్ 12 కింద రాయల్టీకి 15 శాతం అని నింపాలి. ఖాళీగా పంపితే 30 కోస్తారు. ఫారం సంతకం చేసిన ఏడాది పోగా మూడో క్యాలెండర్ ఏడాది చివరి దాకా చెల్లుతుంది, తర్వాత కొత్తది. ఏడాది చివర వాళ్ళిచ్చే 1042-ఎస్ పారేయకండి, అక్కడ కోసిన పన్నుకి ఇక్కడ రిటర్నులో క్రెడిట్ అడగాలంటే అదే రుజువు. మన కంపెనీలైతే రాయల్టీ మీద టీడీఎస్ 10 శాతం, పాన్ ఇవ్వకపోతే 20. జీఎస్టీలో కంపోజర్ తన సంగీత రచన హక్కుని మ్యూజిక్ కంపెనీకో నిర్మాతకో ఇస్తే రివర్స్ ఛార్జ్, అంటే కట్టాల్సింది వాళ్ళు. దాన్ని మీ బిల్లులో కలపమని అడిగే అకౌంటెంట్లు తగులుతారు, ఒప్పుకోవద్దు. విదేశీ రాబడి ఎగుమతి కిందికి వస్తుంది, మొత్తం టర్నోవరు 20 లక్షలు దాటబోతుంటే రిజిస్ట్రేషన్, ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికిచ్చే హామీ పత్రం) గురించి సీఏని కలవండి.

చిన్నక్షరాలు

ఇవన్నీ కలిపి మీ 42కి నేనైతే ఇలా పంచుతాను. సింథ్, ప్యాడ్ ట్రాకుల్లో ఎవరైనా చేయగలిగినట్టున్నవి ఐదు రెండో కంపెనీకి బైఅవుట్‌లో ఇచ్చేయండి, అలాంటివి మళ్ళీ చేసుకోగలరు. ఆ సంతకం అయ్యాకే ఐపీఆర్‌ఎస్. మిగిలిన 13 మార్కెట్‌ప్లేస్‌కి, ఒకే పేరు, ఒకే ధర. వీణ, వేణువు ట్రాకులు మీ దగ్గరున్న అసలు సరుకు, వాటిని బైఅవుట్‌లో పెట్టొద్దు. కాగితాలు పూర్తయ్యాక అందులో నాలుగు మాత్రమే మొదటి లైబ్రరీకి, కాలపరిమితితోనో వాపసు క్లాజుతోనో. ఏడాదిన్నర చూసి, క్యూ షీట్లు నిజంగా వస్తుంటే మిగతా ఏడు. ఒకేసారి 11 అడిగితే "మొదటి విడత నాలుగు" అనండి, చాలా లైబ్రరీలు ఒప్పుకుంటాయి.

సంగీత రచనకి కాపీరైట్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ ఆ నాలుగింటికి చేయించండి. ఫారం 14, రచనకి 500 రూపాయలు, రికార్డింగ్‌కి వేరుగా 2,000. డైరీ నంబరు (దరఖాస్తు సంఖ్య) వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతుంది. ఆ సమయంలో వీణ ఆవిడ సంతకం తీసుకోండి.

తంబురాతీగ

వేణువు ఆయన కాగితం రాసివ్వడానికి సిద్ధమే గానీ రెండు ట్రాకుల్లో ఆలాపన తనదే అంటున్నారు. నిజమే కూడా. ఎంత వాటా న్యాయం?

చిన్నక్షరాలు

ఆలాపన 20 సెకన్లు ఉండి మిగతా మూడు నిమిషాలు మీ బాణీ అయితే 10 నుంచి 15 శాతం రైటర్స్ షేర్ మామూలుగా ఒప్పుకునే లెక్క. ట్రాకు మొత్తం ఆ ఆలాపన మీదే నిలబడితే సగం ఇచ్చేయండి. ఏ అంకె అయినా ఆయన కూడా ఐపీఆర్‌ఎస్‌లో చేరి ఐపీఐ తెచ్చుకున్నాకే ఆ రెండు ట్రాకులు బయటికి పంపండి. మొదటి నాలుగులో ఆ రెండూ లేకుండా చూసుకుంటే సరి.